విపత్తు గారికి మా స్కూలు తరఫున ఒక విన్నపం

మొన్న మా స్కూల్లో మాక్ డ్రిల్, అంటే విపత్తు వస్తే బయటపడే రిహార్సల్, పెట్టారండి, ఒక రేంజ్‌లో సక్సెస్. బెల్ కొట్టిన 3 నిమిషాలకల్లా అందరూ గ్రౌండ్‌లో ఉన్నారు, స్టాప్‌వాచ్ పట్టుకున్నది నేనే కాబట్టి గ్యారంటీగా చెప్తున్నా. అందరూ అంటే మరీ అందరూ కాదులెండి. వీల్‌చైర్‌లో వచ్చే అమ్మాయికి "నీకెందుకమ్మా ఈ శ్రమ" అని ముందురోజే లీవ్ ఇచ్చేశాం, వినపడని అబ్బాయిని లైబ్రరీలో కూర్చోబెట్టాం, పెద్ద సౌండ్ వింటే చెవులు మూసుకుని బల్ల కిందకి దూరే బుజ్జిగాడిని వాళ్ళమ్మ ముందే తీసుకెళ్ళిపోయింది. మరి మాది ఇన్‌క్లూజివ్ స్కూలు, అంటే పిల్లలందరినీ కలుపుకుపోయే స్కూలు, గేటు మీదే రాసుంటుంది, పెద్దక్షరాల్లో.

ఐక్యరాజ్యసమితి వాళ్ళు 2006లోనే వికలాంగుల హక్కుల ఒప్పందంలో 11వ ఆర్టికల్ పెట్టి, విపత్తులొచ్చినప్పుడు వీళ్ళ రక్షణ ప్రభుత్వాలే చూసుకోవాలన్నారు. 2015లో విపత్తుల నష్టం తగ్గించుకోవడానికి దేశాలన్నీ ఒప్పుకున్న సెండాయ్ ఫ్రేమ్‌వర్క్ కూడా వచ్చింది, అది 2030 దాకా ఉందంట, ఇంకా టైముంది కదా, తొందరేం?

కాబట్టి విపత్తు గారికి మనవి ఏంటంటే, తమరు వచ్చేముందు 15 రోజుల నోటీసు ఇప్పించగలరు. వస్తే గ్రౌండ్ ఫ్లోర్‌కే రాగలరు, ఎందుకంటే మా ర్యాంప్ అక్కడితో అయిపోయింది, ఆ అమ్మాయి క్లాసేమో రెండో అంతస్తులో, రోజూ లిఫ్ట్‌లో వెళ్తుంది, ఆ లిఫ్ట్ పక్కనే "మంటలొస్తే లిఫ్ట్ వాడరాదు" అని బోర్డు కూడా మేమే పెట్టాం. భూకంపమైతే బల్ల కింద దూరమని పోస్టర్ వేయించాం. వీల్‌చైర్‌తో బల్ల కిందకి ఎలా దూరాలి సార్ అని ఆ పిల్లే అడిగింది, నిజానికి బ్రేకులు వేసుకుని, ముందుకి వంగి, తలా మెడా చేతులతో కప్పుకోవాలి, ఆ ఒక్క లైనూ పోస్టర్‌లో వేస్తే సరిపోయేది కానీ అప్పటికే ప్రింట్ అయిపోయింది మరి.

వినపడని అబ్బాయి కోసం బెల్ పక్కన వెలిగి ఆరే లైట్ పెట్టమని స్పెషల్ టీచర్ గారు రెండేళ్ళుగా అడుగుతున్నారు. పక్క సీటు వాడు భుజం తడతాడులే అని మీటింగ్‌లో తేల్చేశాం. ఆ పక్క సీటు వాడు రాని రోజు సంగతి మినిట్స్‌లోకి ఎక్కలేదు.

అలాగని మేమేం కొనలేదనుకునేరు. మనిషిని కూర్చోబెట్టి మెట్ల మీంచి దింపే మడత కుర్చీ ఒకటి తెప్పించాం, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఫోటో కూడా తీసుకున్నారు. దాని మీద ప్లాస్టిక్ కవరింకా చింపలేదు, మాసిపోద్దని. స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేశాం, తాళంచెవి ఆఫీసులో ఒకాయన జేబులో ఉంటుంది. డ్రిల్ రోజు అందరికన్నా ముందు గ్రౌండ్‌లోకి చేరింది ఆయనే, 40 సెకన్లు, చెప్పాగా స్టాప్‌వాచ్ నాదే అని.