కార్గిల్‌లో రేఖ దాటకపోవడమే మనల్ని గెలిపించింది

పాకిస్తాన్‌తో ఉద్రిక్తత మొదలైన ప్రతిసారీ మన దగ్గర వినిపించేది ఒకటే ప్రశ్న. ప్రధాని కొడతాడా, మాట్లాడతాడా? కొడితే మొనగాడు, మాట్లాడితే చేతకానివాడు. టీవీ చర్చల నుంచి వాట్సాప్ గ్రూపుల దాకా ఇదే లెక్క. ఈ లెక్క తప్పని చెప్పడానికి 1999 వేసవి ఒక్కటి చాలు. ఆ వేసవిలో అటల్ బిహారీ వాజ్‌పేయి యుద్ధమూ చేశారు, దౌత్యమూ నడిపారు. ఆ రెండూ ఒకదానికొకటి పనికొచ్చేలా చేసింది మాత్రం ఒకే నిర్ణయం: మన సైన్యం గానీ, వైమానిక దళం గానీ నియంత్రణ రేఖ (కశ్మీర్‌లో మన భాగాన్నీ పాక్ అధీనంలోని భాగాన్నీ వేరుచేసే గీత) దాటకూడదు. స్వతంత్ర భారతంలో ఏ ప్రధానీ ఇంతకన్నా ధైర్యమైన భద్రతా నిర్ణయం తీసుకోలేదని నా అభిప్రాయం.

ధైర్యం అని ఎందుకంటున్నానో తెలియాలంటే అప్పటి ఆయన పరిస్థితి గుర్తు చేసుకోవాలి. ఏప్రిల్ 17న లోక్‌సభలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తెలుగుదేశం ఎంపీలు వెంట నిలిచినా 269 దగ్గరే ఆగిపోయింది. కార్గిల్ కొండల మీద చొరబాటుదారులు ఉన్నారని తేలేసరికి ఆయన ఆపద్ధర్మ ప్రధాని, ముందు ఎన్నికలు. పైగా ఫిబ్రవరిలోనే బస్సెక్కి లాహోర్ వెళ్లి పాక్ ప్రధాని నవాజ్ షరీఫ్‌ను కౌగిలించుకుని వచ్చారు. స్నేహం పేరుతో మోసపోయాడన్న మాట దేశమంతా మోగుతోంది. అలాంటి స్థితిలో ఉన్న నాయకుడికి సైన్యాన్ని రేఖ దాటించడం కన్నా తేలికైన పని ఏముంటుంది? జనం చప్పట్లు కొట్టేవారు, మోసపోయాడన్న మచ్చా పోయేది. ఆయన ఆ దారి తొక్కలేదు.

మే 26న వైమానిక దాడులు మొదలయ్యాయి. మర్నాడే ఒక మిగ్-27, ఒక మిగ్-21 పోయాయి. ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత శత్రువుకు చిక్కారు, స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా ప్రాణాలు కోల్పోయారు. ఆ మర్నాడు ఎంఐ-17 హెలికాప్టర్ కూలిపోయింది, అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. మూడు రోజుల్లో ఇంత దెబ్బ తగిలాక ఆదేశాలు సడలించాలని ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించుకోవచ్చు. భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ సడలించలేదు. తర్వాత మిరాజ్-2000 విమానాలు బాగా ఎత్తు నుంచి లేజర్ బాంబులు వేసి లెక్క మార్చాయి, అదీ రేఖకు ఇవతలే ఉండి.

నేల మీద ఆ ఆదేశానికి చెల్లించిన మూల్యం ఎక్కువ. తోలోలింగ్‌నే చూడండి. ద్రాస్ ఊరి మీదికి, శ్రీనగర్-లేహ్ రహదారి మీదికి నేరుగా చూసే కొండ అది. పైన శత్రువు రాళ్లతో బంకర్లు కట్టుకుని మెషిన్ గన్లతో కూర్చున్నాడు. కింది నుంచి ఎక్కే జవానుకు చాటు కోసం ఒక చెట్టయినా లేదు. పగలు కదిలితే కనిపించిపోతాడు కాబట్టి చీకట్లోనే ఎక్కాలి. గాలి పలచగా ఉండే ఆ ఎత్తులో పది అడుగులు వేస్తే ఆయాసం. 18 గ్రెనేడియర్స్ అనే బెటాలియన్ వారాల తరబడి ప్రయత్నించి మేజర్ రాజేశ్ అధికారిని, మరెందరినో పోగొట్టుకుంది. చివరికి బోఫోర్స్ ఫిరంగులు కొండను దద్దరిల్లజేస్తుంటే జూన్ 13న 2 రాజ్‌పుతానా రైఫిల్స్ శిఖరాన్ని పట్టుకుంది. అదే బెటాలియన్‌కు చెందిన మన హైదరాబాద్ బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న ద్రాస్ సెక్టార్‌లోనే మరో స్థావరం మీద దాడి నడిపిస్తూ అమరుడయ్యారు. మహావీర చక్ర ఆయనకు మరణానంతరం దక్కింది. మొత్తం 527 మంది మన సైనికులు ఆ కొండల మీద ప్రాణాలిచ్చారు.

రేఖ దాటి వెనక నుంచి సరఫరా దారులు కోసేసి ఉంటే వీళ్లలో చాలామంది బతికేవారన్న వాదన ఉంది. యుద్ధ విద్య తెలిసినవాళ్లు అంటున్న మాట అది, కొట్టిపారేసేది కాదు. కానీ ఆ లెక్క కార్గిల్ దగ్గరే ఆగుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు? 1998 మేలో రెండు దేశాలూ అణుపరీక్షలు జరిపి అప్పటికి ఏడాదే. మనం రేఖ దాటితే యుద్ధం పంజాబ్‌కూ రాజస్థాన్‌కూ పాకదా? అక్కడ పోయే ప్రాణాలను ఏ ఖాతాలో వేస్తాం?

అసలు సంగతి ఇంకొకటి ఉంది. పాక్ సైన్యానికి కావలసింది ఆ రేఖకు విలువ లేకుండా పోవడమే. కొండల మీద ఉన్నది తమ సైనికులు కాదు, ముజాహిదీన్లు అని చెప్పుకుంటూ, లేహ్ దారి కోసేసి, సియాచిన్‌ను ఇబ్బంది పెట్టి, కశ్మీర్ పంచాయితీలోకి ప్రపంచాన్ని లాగాలన్నది వాళ్ల పథకం. మన సైన్యం అటు వెళ్లిన రోజున ‘ఇద్దరూ దాటారు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి’ అని ప్రపంచం అనేది. రావల్పిండిలో కూర్చున్న పాక్ సైన్యం జనరల్స్ ఆశించింది ఆ మాటే. మనం దాటకపోయేసరికి తప్పు ఎవరిదో దాచుకోవడానికి వాళ్లకు చోటు లేకుండా పోయింది. 

ఫలితం ఎలా వచ్చిందో చూడండి. బీజింగ్‌లో ఉన్న పాక్ సైన్యాధిపతి ముషారఫ్, రావల్పిండిలో ఉన్న లెఫ్టినెంట్ జనరల్ అజీజ్ ఖాన్ ఫోన్లో మాట్లాడుకున్న టేపులను జూన్ 11న ఢిల్లీ బయటపెట్టింది. ముజాహిదీన్ల కథ అక్కడే కూలిపోయింది. మర్నాడు పాక్ విదేశాంగ మంత్రి సర్తాజ్ అజీజ్ ఢిల్లీలో దిగే సమయానికి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అదే నెలలో జర్మనీలోని కొలోన్‌లో కలిసిన జీ-8 కూటమిలోని ఎనిమిది పెద్ద దేశాలు యథాతథ స్థితిని సైనిక చర్యతో మార్చాలనుకోవడం బాధ్యతారాహిత్యమని ప్రకటించాయి. నమ్ముకున్న చైనా కూడా పాకిస్తాన్ పక్షాన నిలబడలేదు. జూలై 4న నవాజ్ షరీఫ్ వాషింగ్టన్ పరుగెత్తి క్లింటన్ ముందు వెనక్కి తగ్గడానికి ఒప్పుకున్నారు. రమ్మని వాజ్‌పేయికీ పిలుపు వచ్చింది, ఆయన వెళ్లలేదు. ఆ రోజే మన జవాన్లు టైగర్ హిల్‌ను పట్టుకున్నారు. అణుపరీక్షలు చేశామని మన మీద ఆంక్షలు పెట్టిన అమెరికా ఏడాది తిరిగేసరికి మన వాదన వైపు నిలిచింది. ఇంత దౌత్య విజయం మనకు ఉత్తి మాటలతో రాలేదు, ఉత్తి తుపాకులతోనూ రాలేదు.

సంయమనం అంటే చేతులు కట్టుకోవడం అనుకునేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. రేఖ దాటబోమని ఎల్లకాలానికీ మాట ఇచ్చేస్తే శత్రువు నిశ్చింతగా కూర్చుంటాడని సైన్యాధిపతి జనరల్ వేద్ ప్రకాశ్ మాలిక్ అభ్యంతరం చెప్పారు. దాంతో, దాటకూడదన్న నిర్ణయం ఇవాళ్టికి ఉంది గానీ రేపటి సంగతి చెప్పలేమని జాతీయ భద్రతా సలహాదారు బ్రజేశ్ మిశ్రా టీవీలోనే అనేశారు. నౌకాదళం అరేబియా సముద్రంలో మోహరించింది. అవతలివాడికి ఆ టెన్షన్ ఉండబట్టే ఇవతల చర్చలు ఫలించాయి. లక్ష్యం స్పష్టంగా లేకపోతే ఏమవుతుందో కూడా ఆయన హయాంలోనే చూశాం. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి తర్వాత ఇదే వాజ్‌పేయి లక్షల సైన్యాన్ని సరిహద్దుకు పంపి పది నెలలు నిలబెట్టారు. అప్పుడు ఏం సాధిస్తే వెనక్కి రావాలో ఎవరికీ స్పష్టత లేదు. ఒక్క యుద్ధమైనా జరగకుండానే మందుపాతరల వల్ల, ప్రమాదాల వల్ల వందలమంది జవాన్లు పోయారు. 

ఇంత మెచ్చుకున్న వాజ్‌పేయిని ఒక విషయంలో మాత్రం నేను తప్పుపడతాను. ఆయన పార్లమెంటును పక్కన పెట్టారు. లోక్‌సభ రద్దయింది నిజమే, రాజ్యసభకు రద్దన్నది లేదు కదా. ప్రత్యేక సమావేశం పెట్టమని కాంగ్రెస్ అడిగింది. ప్రభుత్వం అఖిలపక్షంతో సరిపెట్టింది. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, 1962లో చైనా దాడి చేసినప్పుడు పార్లమెంటును ముందుగానే పిలవమని నెహ్రూను అడిగిన యువ ఎంపీల్లో వాజ్‌పేయి ఒకరు. నెహ్రూ ఒప్పుకున్నారు. నవంబరు 8న సభ మొదలైంది. సరిహద్దులో యుద్ధం నడుస్తుండగానే వారం రోజులు చర్చ జరిగింది, ప్రభుత్వాన్ని ఎంపీలు ముఖం మీదే కడిగేశారు. రహస్య సమావేశం పెడదామన్న సూచన వచ్చినా నెహ్రూ అంగీకరించలేదు. ఆ చర్చ వల్ల దేశ భద్రతకు వచ్చిన నష్టమేమీ లేదు.

కార్గిల్ తర్వాత ఆ చొరబాటు ఎలా జరిగిందో తేల్చడానికి సుబ్రహ్మణ్యం కమిటీ వేసి, కొన్ని భాగాలు మినహా నివేదికను 2000 ఫిబ్రవరిలో సభ ముందు పెట్టారు. అది వాజ్‌పేయి గొప్పతనమే. 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఇప్పటికీ ఏ ప్రభుత్వమూ అధికారికంగా బయటపెట్టలేదు. కానీ యుద్ధం ముగిశాక వచ్చే నివేదిక, యుద్ధం నడుస్తున్నప్పుడు అడిగే ప్రశ్నకు బదులు కాలేదు. 2025లోనూ అదే జరిగింది. పహల్గాం దాడి, మే 7న ఆపరేషన్ సిందూర్, 10న కాల్పుల విరమణ. ప్రత్యేక సమావేశం కావాలని ప్రతిపక్షాలు లేఖ రాసినా సభలో చర్చకు జూలై ఆఖరు దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా కరాచీ రేవు ధ్వంసమైందని కొన్ని చానళ్లు రాత్రంతా ఊదరగొట్టాయి. జనానికి నిజం చెప్పాల్సిన సభకు తాళం వేసి ఉంటే ఆ ఖాళీని ఇలాంటివాళ్లే నింపుతారు. అప్పుడు నాయకుడి మీద పడే ఒత్తిడి ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది, ఇంకా కొట్టు అని. ఆగడానికి కారణాలు చెప్పుకునే వేదిక ప్రధానికి కూడా దొరకదు.

సాయుధ దళాల మీద సర్వాధిపత్యం రాష్ట్రపతిదని చెబుతూనే, అది ఎలా నడవాలో చట్టం నిర్ణయిస్తుందని రాజ్యాంగం 53వ అధికరణంలో రాసి ఉంది. ఆ చట్టం చేసే హక్కు పార్లమెంటుదే. సైనిక చర్య మొదలైన రెండు వారాల్లోగా ప్రభుత్వం ఉభయసభల ముందుకు రావాలని, లోక్‌సభ లేకపోతే రాజ్యసభ ముందుకైనా రావాలని ఒక బిల్లు తేవచ్చు. వ్యూహాలు చెప్పక్కర్లేదు, లక్ష్యం ఏమిటి, హద్దు ఎక్కడ అన్నవి చెప్తే చాలు. ఈ లోక్‌సభలో మన రెండు రాష్ట్రాల నుంచి 42 మంది ఉన్నారు. వాళ్లలో తెలుగుదేశం ఎంపీలు 16 మంది, సొంత మెజారిటీ లేని బీజేపీ నడిపే ఢిల్లీ ప్రభుత్వానికి వాళ్ల మద్దతు పెద్ద బలం. 1999లో వాజ్‌పేయి వెంట నిలిచిన పార్టీ కూడా అదే. పోలవరం, అమరావతి నిధుల కోసం ఆ బలాన్ని వాడుకుంటున్నట్టే, వచ్చే సమావేశాల్లో ఈ బిల్లు కోసం కూడా వాడమని అడుగుతున్నాను.