ఇంగ్లీషు గైడులోని వార్షికోత్సవ రిపోర్టు గారికి

అయ్యా రిపోర్టు గారూ,

నమస్కారం. తమరు క్షేమంగా ఉన్నారని తెలుసు. గైడు మారినా, అట్ట మారినా, ధర పెరిగినా తమరు మాత్రం మారరు కదా. 'అవర్ స్కూల్ యానివర్సరీ వాజ్ సెలబ్రేటెడ్ ఇన్ ఎ గ్రాండ్ మేనర్' అని మొదలై, చీఫ్ గెస్ట్ చేత దీపం వెలిగించి, చదువు ఎంత గొప్పదో చెప్పించి, బహుమతులు పంచి, వోట్ ఆఫ్ థ్యాంక్స్ మీదుగా జనగణమనకి చేరతారు. ఇంత దూరంలో ఒక్క మైకు కుయ్యిమనదు, ఒక్క పిల్లాడు స్టేజీ మీద డైలాగు మర్చిపోడు, చీఫ్ గెస్ట్ ఐదు నిమిషాలు కూడా లేటుగా రాడు. ఆ బడి ఎక్కడుందో కాస్త చెప్పండి, ఈసారి బదిలీల్లో వెబ్ ఆప్షన్లలో మొదట అదే పెట్టుకుంటాను.

మా బడి సంగతి వేరు. మొన్న వార్షికోత్సవంలో ఆరో తరగతి పిల్లల డాన్స్ మధ్యలో కరెంటు పోయింది. పాట ఆగింది, వాళ్లు ఆగలేదు. నోటితో పాడుకుంటూ, పక్కవాళ్ల చప్పట్లే తాళంగా చివరిదాకా ఆడేశారు. మర్నాడు క్లాసులో అడిగితే నలభై నోళ్లు ఒకేసారి తెరుచుకున్నాయి. ఎవరి గజ్జెలు ఊడిపోయాయి, ఎవరి నాన్న ఫోను లైటు వేసి నిలబడ్డాడు, ఏ సారు కుర్చీలో నిద్రపోయారు (పేరు అడక్కండి), అన్నీ తెలుగులో గడగడా చెప్పారు. సరే, ఇప్పుడు ఇదే ఇంగ్లీషులో రాయండర్రా అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి నోట్సుల్లో తమరు ప్రత్యక్షమయ్యారు, అందరి నోట్సుల్లోనూ, కామాలతో సహా. కరెంటు పోలేదు. గజ్జెలు ఊడలేదు. గ్రాండ్ మేనర్!

ముగ్గుల పోటీకి వెళ్లినా తమరే, ఆటల పోటీకి వెళ్లినా తమరే. ఒకసారి సంతాప సభ గురించి రాయమంటే కూడా ఒకడు 'ఆల్ ది స్టూడెంట్స్ ఎంజాయ్డ్ ఎ లాట్' అని ముగించాడు. వాడి తప్పేముంది, తమరి ఆఖరి వాక్యం అదే కదా.

తమరిని సాగనంపాలని పెద్దలు ప్రయత్నించకపోలేదు. 2011లో బడుల్లో ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో చెప్పే రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం వచ్చింది, 2014లో పదో తరగతికి కొత్త ఇంగ్లీషు పుస్తకం వచ్చింది, బట్టీ వద్దు, సొంతంగా రాయాలి అన్నారు, డైరీ, సంభాషణ, వార్త, వర్ణన అంటూ రకరకాల రాతలు పెట్టారు. గైడులవాళ్లు కంగారు పడ్డారా? అబ్బే. సొంతంగా రాయాల్సినవన్నీ సొంతంగా రాసి పెట్టి అచ్చేశారు.

నిజానికి తమరి బలమంతా మా ఎర్ర పెన్నులో ఉంది. తమరిని దింపినవాడి పేపర్లో తప్పు దొరకదు, కాబట్టి టిక్కు. కరెంటు పోయిందని రాయబోయి 'కరెంట్ ఈజ్ గో, వుయ్ సింగ్' అన్న పిల్ల పేపరేమో ఎర్రబారిపోతుంది. రెండుసార్లు అలా జరిగితే ఆ పిల్లకి తెలిసిపోతుంది, బడిలో ఏం చూశామో చెప్పకపోవడమే క్షేమమని. అది ఇంగ్లీషు రాకపోవడం కాదండీ, మేం దగ్గరుండి నేర్పిన టెన్షన్.

అందుకని ఈమధ్య తమరికి చెప్పకుండా ఒక పని చేస్తున్నాను. ముందు తెలుగులోనే చెప్పించుకుని, వాళ్ల నోట్లోంచి వచ్చిన పనులనే బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తున్నాను: వెంట్, స్టాప్డ్, స్యాంగ్, ఫెల్, లాఫ్డ్. ఆ పక్కనే ఫస్ట్, దెన్, సడెన్లీ. నువ్వొక్కడివే చూసిన సంగతి ఒకటైనా ఉండాలి అన్నదొక్కటే షరతు. ఈ వారం జరిగిపోయిన పనిని జరిగినట్టు రాశారా లేదా అన్నదే దిద్దుతాను, స్పెల్లింగుల పని వచ్చే వారం. ఇబ్బందల్లా ఆ 'సడెన్లీ'తోనే. పిల్లలకి అదంటే ప్రాణం. 'సడెన్లీ చీఫ్ గెస్ట్ కేమ్. సడెన్లీ హీ స్పోక్. సడెన్లీ వుయ్ స్లెప్ట్' అని రాసుకొచ్చాడొకడు. మొత్తం సభ గురించి అంత నిజమైన రిపోర్టు నేనింతవరకు చదవలేదు. తమరు ఏమీ అనుకోవద్దు.

పదో తరగతి పరీక్షల్లో తమరి రాకను ఆపడం నా చేతిలో లేదు. కింది తరగతుల్ని మాత్రం వదిలేయండి. వచ్చే శుక్రవారం మా బడిలో స్వపరిపాలన దినోత్సవం. తొమ్మిదో తరగతి అమ్మాయి చీర కట్టుకుని హెడ్ మిస్ట్రెస్ అవుతుంది, ఏడో తరగతివాడు నా క్లాసు తీసుకుంటాడట, ఎవరెవరిని గోడకుర్చీ వేయించాలో లిస్టు కూడా రాసుకున్నాడు. మర్నాడు అవన్నీ రాయించాలి. ఆ ఒక్క రోజు తమరు సెలవు పెట్టండి. లీవ్ లెటర్ ఎలా రాయాలో తెలియకపోతే పక్క పేజీలోనే ఉంది, జ్వరంతో సహా.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఇంగ్లీషు టీచర్