కాలేజీకి రాని వాళ్లు టీచర్లా?

బడి పిల్లాడికి పాఠం నేర్పడం డిగ్రీ పట్టా ఉంటే వచ్చేసే పని కాదు. వినికిడి లేని పాపకో, ఆటిజం ఉన్న బాబుకో పాఠం చెప్పడం అసలే కాదు. అది పిల్లల మధ్య, అనుభవమున్న టీచరు పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన విద్య. అందుకే టీచర్ల శిక్షణను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీని రెండేళ్లు చేశారు. 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టి, అందులో 90 శాతం హాజరు తప్పనిసరి అన్నారు. విశాఖలో, చుట్టుపక్కల జిల్లాల్లో చేరబోయేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మాత్రం ‘కాలేజీకి రావాలా, నాన్ అటెండింగా’ అనే. నాన్ అటెండింగ్ అంటే మొహం చూపించకుండానే హాజరు వేయించుకుని పట్టా పట్టుకెళ్లడం.

ఉద్యోగం చేసుకుంటూ చదివే పేదలకు ఈ వెసులుబాటు ఉండాలని కొందరు వాదిస్తారు. వారి ఇబ్బంది నిజమే. దానికి ప్రభుత్వాన్ని స్టైపెండ్ అడగాలి గానీ, దొంగ హాజరు వేయించుకోకూడదు.

మా ఆందోళన ఒక్కటే. అడ్డదారి ఒకసారి తెరుచుకుంటే అదే రహదారి అవుతుంది. బీఈడీ పై తరగతుల టీచర్ల కోసం ఉద్దేశించిన కోర్సు. అయినా ప్రాథమిక బడుల్లో బీఈడీ వాళ్లను తీసుకోవచ్చని, ఆర్నెల్ల బ్రిడ్జి కోర్సు తర్వాత చేయించవచ్చని 2018లో ఎన్‌సీటీఈ చెప్పింది. చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్నెల్లకే మన రాష్ట్రంలో 2024 డీఎస్సీ (టీచర్ల నియామక) ప్రకటన ఎస్జీటీ, అంటే ప్రాథమిక బడి టీచరు పోస్టులకు బీఈడీ వాళ్లను మళ్లీ రమ్మంది. హైకోర్టు అడ్డుకోవాల్సి వచ్చింది. మధ్యలో నలిగింది అభ్యర్థులే.

ప్రత్యేక విద్యలో ఈ అడ్డదారి మరీ ప్రమాదం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రాథమిక స్థాయిలో అలాంటి పిల్లలు పది మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది, సంతోషం. కానీ ఆ పోస్టులోకి వచ్చే మనిషికి బ్రెయిలీ వచ్చా? సైగల భాష వచ్చా? స్పెషల్ బీఈడీలో ఒక్క వైకల్యంలోనే స్పెషలైజేషన్ ఉంటుంది, బడికి మాత్రం అన్ని రకాల పిల్లలూ వస్తారు. శ్రద్ధగా రెండేళ్లు చదివినవాళ్లకే అది కష్టం. మొహం చూపించని వాళ్ల సంగతి చెప్పాలా? ఇన్నేళ్లుగా ఈ పిల్లల కోసమే ఉన్న భవిత కేంద్రాలను నెట్టుకొస్తున్న కాంట్రాక్టు సిబ్బందికి ఇది ఎంత అవమానం!

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. తన పేరుతో వెళ్లే ప్రతి బీఈడీ పట్టాకూ అది జవాబుదారీ. ఇంటర్న్‌షిప్ హాజరును బడి హెడ్మాస్టరు రిజిస్టరుతో సరిపోల్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. సరిపోలని కాలేజీకి ఆ ఏడాదే అనుబంధం రద్దు చేయాలి. జరిమానా కట్టించుకుని వదిలేస్తే మళ్లీ అదే అడ్డదారి.

ఈ పట్టాల మీద సంతకాలు చేసేవారిని సూటిగా అడుగుతున్నాం. మీ మనవడిని అలాంటి టీచరు చేతికి అప్పగిస్తారా? అప్పగించరు. మరి గాజువాకలోనో, పాడేరు కొండల్లోనో సర్కారు బడి తప్ప వేరే దారి లేని బిడ్డ ముందు ఆ టీచరును ఏ మొహంతో నిలబెడుతున్నారు?