సీడెడ్ కలెక్షన్స్ సరే, ఆ కొడుకు క్లైవ్ సంగతి తెలుసా మీకు?

పెద్ద హీరో సినిమా రిలీజ్ అయితే చాలు, నైజాం ఇంత, ఆంధ్రా ఇంత, సీడెడ్ ఇంత అని పోస్టర్లు మొదలు. మాది అనంతపురం. చిన్నప్పుడు సీడెడ్ అంటే సినిమావాళ్ల భాషేమో అనుకునేవాణ్ని. మా జేజినాయన మాత్రం దత్తమండలం అనేవాడు. దత్తమంటే ఇచ్చేసింది అని చెప్పేవాడు గానీ ఎవరు ఇచ్చినారు, ఎవరికి ఇచ్చినారు, మమ్మల్ని అడిగి ఇచ్చినారా అంటే నవ్వేవాడు.

సీడెడ్ (ceded) అన్న ఇంగ్లీషు మాటకీ ఇచ్చేసిందనే అర్థం. ఇచ్చింది నిజాం. 1800లో. తన దగ్గరున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత, అంతా కలిపి రాసిచ్చేశాడు. అందులో చాలావరకు టిప్పు సుల్తాన్ ఓడిపోయినప్పుడు నిజాం వాటాకి వచ్చిన భూమే, అంటే ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో అప్పజెప్పాడన్నమాట. అప్పుడు మద్రాసు గవర్నర్ కుర్చీలో ఉన్నది క్లైవ్. అయ్యో ఆ క్లైవ్ కాదు సామీ, స్కూలు పుస్తకంలో ప్లాసీ యుద్ధం ఆయన 1774లోనే పోయాడు. ఇతను ఆయన పెద్దకొడుకు, ఎడ్వర్డ్ క్లైవ్.

ఇప్పుడెందుకు ఇదంతా అంటే, మా బావమరిది బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు, పోయిన వారం ఫ్యామిలీతో వేల్స్‌లో పోవిస్ కోటకి పోయి వాట్సాప్‌లో నలభై ఫోటోలు పెట్టాడు. ఎర్రరాయి కోట, కింద మెట్లు మెట్లుగా తోట, నెమళ్లు. "బావా, ఎంత నీట్‌గా మెయింటైన్ చేస్తున్నారో చూడు, రాయల్ బ్లడ్ అంటే రాయల్ బ్లడ్డే" అని వాయిస్ మెసేజ్. అక్కడ మండింది నాకు.

ఏం రాయల్ బ్లడ్డు రా అబ్బీ? ఈ ఎడ్వర్డ్ నాయన రాబర్ట్ క్లైవ్ పద్దెనిమిదేళ్లకి మద్రాసుకి వచ్చింది గుమాస్తా ఉద్యోగానికి, ఏడాదికి 5 పౌన్ల జీతం. 1757లో ప్లాసీ అయ్యాక బెంగాల్ కొత్త నవాబు మీర్ జాఫర్ దగ్గర తన వంతుగా పుచ్చుకున్నది 2,34,000 పౌన్లు, ఆ పైన ఏడాదికి 27,000 పౌన్లు వచ్చే జాగీరు. ఇవి ఎవరో గిట్టనివాళ్లు చెప్పిన లెక్కలు కాదు, అక్కడి పార్లమెంటులోనే పంచాయితీ జరిగింది, ఈయనేమో నా నిగ్రహం చూస్తే నాకే ఆశ్చర్యంగా ఉంది అన్నాడు. 1762లో ఐర్లండ్ తరఫున బ్యారన్ బిరుదు ఇచ్చారు, అక్కడో భూమి కొని దానికి ప్లాసీ అని పేరు పెట్టుకున్నాడు. లిమరిక్ యూనివర్సిటీలో చదివే మనోళ్లకి ఆ పేరు తెలిసే ఉంటుంది, మన బెంగాల్ ఊరి పేరు అక్కడ తిరుగుతా ఉంది ఇంకా.

సరే, డబ్బు వచ్చింది, బిరుదూ వచ్చింది. కానీ అక్కడి పాత జమీందారీ కుటుంబాలు కొత్త డబ్బుని ఊరికే పక్కన కూర్చోబెట్టుకోవు. దానికి ఎడ్వర్డ్ పనికొచ్చాడు. ఈటన్‌లో చదివించారు, ఆక్స్‌ఫర్డ్‌కి పంపారు. 1774లో లడ్లో నుంచి ఎంపీ, అప్పటికి ఇరవై ఒకటి నిండలేదు. ఆ ఏడాది నవంబర్లోనే నాయన పోతే బిరుదు, ఆస్తి చేతికొచ్చాయి. 1784లో పెళ్లి, అమ్మాయి హెన్రియెట్టా హెర్బర్ట్, పోవిస్ ఎర్ల్ (బ్యారన్ కంటే పెద్ద బిరుదు) కూతురు. వాళ్లకి వంశం ఉంది, కోట ఉంది, డబ్బు మాత్రం లేదు. వీళ్లకి డబ్బే ఉంది. మన సంబంధాల పేరయ్య కూడా ఇంత కరెక్టుగా కుదర్చలేడు.

1798లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు. ఏం అనుభవముందని? పేరుంది కదా. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ అప్పట్లో ఇక్కడే కల్నల్, ఈయన్ని చూసి రాసిన మాటకి అర్థం ఏంటంటే, కనపడేంత మందమతి కాదేమోలే అని. మెచ్చుకోలు అనుకోవాలో ఏమో. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తా నుంచి దిగి మద్రాసులో కూర్చుని టిప్పు మీద యుద్ధం తనే నడిపించాడు, ఈయన సరే సరే అన్నాడు. చూడండి, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. రాబర్ట్ క్లైవ్‌ని తిట్టడానికి కనీసం వాడేం చేశాడో చెప్పొచ్చు, 1758లో కల్నల్ ఫోర్డ్‌ని పంపితే చందుర్తి దగ్గర ఫ్రెంచోళ్లు ఓడారు, తర్వాత మచిలీపట్నం పడింది, 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర ఉత్తర సర్కార్లకి, అంటే మన కోస్తా జిల్లాలకి, ఫర్మానా రాయించుకున్నాడు. కొడుకు మాత్రం కుర్చీలో కూర్చున్నాడు, అంతే. కూర్చున్న ఐదేళ్లలో 1800లో మా సీమ వచ్చేసింది, 1801లో ఆర్కాటు నవాబు చేత సంతకం పెట్టించుకుంటే నెల్లూరు, చిత్తూరు వైపంతా వచ్చేసింది, 1802లో ఇరవై ఐదో రెగ్యులేషన్ తెచ్చి సర్కార్ జిల్లాల్లో జమీందారులకి శాశ్వత శిస్తు కట్టబెట్టారు. అది 1948లో ఎస్టేట్ అబాలిషన్ చట్టం దాకా రైతుల నెత్తిన కూర్చుంది. మా వైపు మన్రో కలెక్టర్‌గా దిగి పాలెగాళ్ల కోటలు, సైన్యాలు లాగేసుకుని తవర్జీలు, అంటే పెన్షన్లు, చేతిలో పెట్టాడు. ఆ తవర్జీ గొడవే ముదిరి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాకా వచ్చింది, సినిమా చూశారుగా. ఇప్పటి ఆంధ్రా మ్యాప్ తీసుకుంటే తండ్రికి ఒక సగం, కొడుక్కి ఒక సగం వచ్చినట్టే లెక్క, మన పుస్తకాల్లో కొడుక్కి ఒక్క లైను లేదు.

ఆయన కట్టించిందొకటి మాత్రం మీరు చూసే ఉంటారు. జయలలిత పోయినప్పుడు టీవీలో రోజంతా చూపించారే, పెద్ద పెద్ద మెట్లు, తెల్ల స్తంభాలు, రాజాజీ హాల్. అది 1802లో ప్లాసీ విజయం, శ్రీరంగపట్నంలో టిప్పు మీద విజయం గుర్తుగా కట్టిన విందు హాలు. అంటే మా నాయన గెలుపుకి ఒకటి, నా టైములో గెలుపుకి ఒకటి. ఖర్చు చూసి లండన్లో కంపెనీ డైరెక్టర్లే గొణిగారు.

ఇంట్లో ఆడవాళ్లే నయం అనిపిస్తుంది నాకు. హెన్రియెట్టా 1800లో ఇద్దరు కూతుళ్లని వెంటేసుకుని, ఏనుగులు, ఎడ్లు, ఒక ఇటాలియన్ చిత్రకారిణితో సహా మద్రాసు నుంచి వేలూరు, బెంగళూరు, శ్రీరంగపట్నం, తిరుచ్చి, తంజావూరు తిరిగొచ్చింది, వెయ్యి మైళ్లకి పైనే. పన్నెండేళ్ల చిన్నమ్మాయి షార్లెట్ దారిపొడుగునా డైరీ రాసింది. పెద్దయ్యాక విక్టోరియా రాణికి చిన్నప్పుడు గవర్నెస్, అంటే ఇంట్లో చదువు చెప్పే టీచరమ్మ, అయింది. నర్సరీల్లో అమ్ముతారే నారింజ పూల క్లివియా, ఆ పేరు ఈ అమ్మాయి ఇంటిపేరు నుంచే. మొక్కేమో దక్షిణాఫ్రికాది, అదో తమాషా.

ఎడ్వర్డ్ కొడుకు కథ వేరు. మేనమామ 1801లో పిల్లల్లేకుండా పోతే కోట ఈ పిల్లాడికి రావాలి, షరతేంటంటే హెర్బర్ట్ అని ఇంటిపేరు మార్చుకోవాలి. 1807లో మార్చేసుకున్నాడు. క్లైవ్ అన్న పేరుతో సంపాదించిన డబ్బంతా కోటకి పట్టింది, పేరు మాత్రం గుమ్మం బయటే ఆగిపోయింది. ఎడ్వర్డ్‌కి 1804లో పోవిస్ ఎర్ల్ బిరుదు కొత్తగా సృష్టించి ఇచ్చారు, ఎనభయ్యో ఏట కూడా పొద్దున ఆరుకే తోటలో తవ్వుకుంటూ ఉండేవాడట, 1839లో పోయాడు. ముప్పై తరాల రాజుల్లాగా సెట్ అయిపోయారు. గట్టిగా లెక్కేస్తే గుమాస్తా నుంచి ఎర్ల్ దాకా పట్టింది అరవై ఏళ్లు.

బావమరిది ఫోటోల్లో ఒకదాంట్లో టిప్పు సుల్తాన్ గుడారం ఉంది. నూలు గుడ్డ, కుండీల్లో పూల డిజైన్లు, మన పెళ్లి షామియానా కంటే అందంగా ఉంది. అంత చల్లటి ఊళ్లో తోట పార్టీలకి దాన్నే వేసుకునేవాళ్లట. ఆ పక్కనే ఒక బోర్డు, సగం కట్ అయింది ఫోటోలో. దాని మీద ఏం రాశారు, ఎలా వచ్చిందని రాశారు, పూర్తిగా ఫోటో తీసినావా అని అడిగా. "లేదు బావా, పిల్లలు ఆకలని ఏడుస్తుంటే క్యాంటీన్‌కి పోయినాం" అన్నాడు. నెమళ్లవి మాత్రం పదహారు ఉన్నాయి.