తెల్లవారుజాము ఎందుకంటే…

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 25న టర్కీలోని గల్లిపోలి తీరంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు దిగింది తెల్లవారుజామున కాబట్టే ఆన్జాక్ డే (యుద్ధాల్లో పోయిన సైనికుల్ని ఆ రెండు దేశాలూ తలచుకునే రోజు) నివాళి ఆ వేళకు జరుగుతుందని మీ వ్యాసంలో రాశారు. నిజమే కానీ అది సగమే. కందకాల్లో వెలుగు రాకముందే అందర్నీ లేపి తుపాకులతో నిలబెట్టేవాళ్లు. దీన్ని ‘స్టాండ్-టు’ అనేవారు. ఆ మసక వెలుతురులోనే శత్రువు మీద పడే భయం ఎక్కువ. బతికి తిరిగొచ్చినవాళ్లకు ఆ వేళ, పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యం, రెండూ మనసులో ఉండిపోయాయి. నాకైతే ఈ రెండో కారణమే అసలుదనిపిస్తుంది.

మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఆ నివాళికి మొదటిసారి ష్రైన్ (ఇక్కడి యుద్ధ స్మారకం) దగ్గరికి వెళ్లినప్పుడు, నిజం చెప్పొద్దూ, చూసొద్దామనే వెళ్లాను. చీకట్లో అంత జనం, ఒక్కరూ మాట్లాడరు. నా ముందు పదేళ్ల పిల్లాడు, కోటుకు జ్ఞాపకానికి గుర్తుగా రోజ్‌మేరీ రెమ్మ, కుడివైపు పతకాలు. సొంత పతకాలైతే ఎడమవైపు, పెద్దలవైతే కుడివైపు పెట్టుకుంటారట. బ్యూగిల్ మీద ‘లాస్ట్ పోస్ట్’ (పోయిన సైనికులకు వీడ్కోలుగా ఊదే బాణీ) అయ్యాక మౌనం. ఎక్కడో పసిబిడ్డ ఏడ్చింది, ఎవరూ వెనక్కి తిరగలేదు.

వ్యాసంలో ఒక లోటు. గల్లిపోలిలో మన భారతీయ సైనికులూ వేలల్లో పోరాడారు. సిక్కులు, గూర్ఖాలు, కొండ ఫిరంగుల దళాలు, కంచరగాడిదల మీద నీళ్లూ మందుగుండూ మోసినవాళ్లు. వాళ్ల గురించి ఒక్క వాక్యమైనా చేర్చండి సార్.

అన్నట్టు, నివాళి అయ్యాక రమ్ కలిపిన కాఫీ ఇస్తారు. నేను ఉత్త కాఫీయే తాగాను.