చీమలు ఎలా నడుస్తాయంటే

పాత మ్యాకింటోష్ కంప్యూటర్‌లో బొమ్మలు వేసే ప్రోగ్రాం మ్యాక్‌పెయింట్‌లో ఎంచుకున్న భాగం చుట్టూ చీమలబారులా కదిలే గీత గురించి మీ వ్యాసం చదివాను, చాలా బాగా రాశారు. ఆ గీత కదలడంలోని కిటుకు కూడా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. 1984 నాటి మ్యాకింటోష్ తెర అంతా కలిపి 512×342 చుక్కలే, అవీ నలుపూ తెలుపూ. నల్ల గీత నల్ల బొమ్మ మీద కలిసిపోతుంది, తెల్లది తెల్ల కాగితం మీద. అందుకే మ్యాక్‌పెయింట్ తయారుచేసిన బిల్ అట్కిన్సన్ గారు గీతనే నడిపించారు.

నేను గళ్ల నోటుబుక్కులో పెన్సిల్‌తో వేసి చూశాను: 8×8 గళ్లు, వరుసకు నాలుగు నలుపు, నాలుగు తెలుపు, కింది వరుసకి ఒక్క గడి పక్కకి. ఏటవాలు చారలొస్తాయి. గీతని ఆ నమూనాతో గీసి, నమూనాని ప్రతిసారీ ఒక్క వరుస జరిపితే చాలు, అడ్డగీతా నిలువుగీతా రెండూ నడుస్తాయి! ఎంత ముచ్చటేసిందో. ఫోటోషాప్‌లో ఇప్పటికీ ఆ చీమలే కదా.