గులకరాళ్ల మీద నడవమనే ఆ మెసేజ్ ఇక పంపకండి

"షుగర్ ఉన్నవాళ్లు తప్పక చదవండి, పదిమందికీ పంపండి" అంటూ ఒకే మెసేజ్ ఈ వారంలో నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. పంపినవాళ్లంతా నాకు కావాల్సినవాళ్లే, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. అందులో ఐదు ముక్కలున్నాయి: ఇంట్లో మిషన్‌తో షుగర్ చూసుకోవడం కంపెనీల వ్యాపారం, మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) మోసం, కాకరరసం తాగితే మాత్రలు మానేయొచ్చు, ఇన్సులిన్ వ్యసనం, కాళ్ల తిమ్మిర్లకు రోజూ గులకరాళ్ల మీద చెప్పుల్లేకుండా నడవాలి.

ఆఖరిదే ముందు చెప్తాను, ఎందుకంటే మా పెద్దనాన్న అదే చేశాడు. పార్కులో రాళ్లబాట మీద రోజూ పొద్దున్నే అరగంట నడిచేవాడు. ఒకరోజు దుప్పటి మీద చీము మరక చూసి పెద్దమ్మ ఆయన కాలు ఎత్తి చూస్తే, బొటనవేలి కింద గాజుపెంకు దిగబడి ఉంది. ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియదు. నొప్పి లేదు మరి! రెండు వేళ్లు తీసేశారు. తిమ్మిరి అంటే నరం దెబ్బతిని స్పర్శ పోతోందని అర్థం, అలాంటి కాలిని తీసుకెళ్లి రాళ్ల మీద పెట్టమని ఏ ధైర్యంతో రాస్తారండీ? వేడినీళ్ల కాపడం కూడా అంతే, కాలినా తెలియదు. చేయాల్సింది చిన్న పని: రాత్రి పడుకునేముందు అద్దం నేలమీద పెట్టి అరికాళ్లు చూసుకోవడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవడం, చెప్పులు దులిపి వేసుకోవడం. ఇంట్లో కూడా మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వేసుకుంటే మంచిది.

కాకరకాయ కూర వండుకు తినండి, మాత్రలు మాత్రం మానకండి. ఇన్సులిన్ వ్యసనం కాదు, ఒంట్లో చాలకపోతే బయటినుంచి ఇస్తారు, అంతే. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల పిల్లాడికి మొదటిసారి ఇచ్చారు, అంతకుముందు ఆ జబ్బొచ్చిన పిల్లలు బతికేవాళ్లే కాదు.

మూడు నెలల పరీక్ష మోసమట! ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ దానికి అంటుకున్న చక్కెర లెక్కే అది. రెండ్రోజులు నోరు కట్టుకుని వెళ్తే ఫాస్టింగ్ తగ్గుతుందేమో గానీ ఇది తగ్గదు. రక్తహీనత ఉంటే లెక్క తప్పొచ్చు, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

ఇంట్లో మిషన్‌తో, స్ట్రిప్పులతో చూసుకునే దగ్గర మాత్రం ఆ మెసేజ్‌లో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. షుగర్‌ను మరీ కిందికి పడేసే రకం మాత్రలు కాకుండా మెట్‌ఫార్మిన్ లాంటివే వాడుతూ, నిలకడగా ఉన్నవాళ్లకి రోజూ వేలు పొడుచుకోవడం వల్ల పెద్ద లాభం లేదు. మా అమ్మ రెండేళ్లు రోజూ చూసుకుంది, 140 వస్తే ఆ పూటంతా టెన్షన్, ఆ అంకె చూసి మందు మార్చిందీ లేదు, తిండి మార్చిందీ లేదు. కానీ ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి, షుగర్‌ను పడేసే మాత్రలు వాడేవాళ్లు మిషన్ పక్కన పెట్టకూడదు. చెమటలు, వణుకు వస్తే వెంటనే చూసుకోవాలి, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి.

అమ్మకిప్పుడు డాక్టరు చెప్పినట్టే ఎప్పుడైనా ఒకసారి చూస్తున్నాం. మిగిలిన స్ట్రిప్పుల డబ్బుతో ఏడాదికోసారి కంటి రెటీనా, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్) పరీక్షలు చేయిస్తున్నాం. కళ్లూ కిడ్నీలూ కూడా పెద్దనాన్న కాలిలాగే, పాడవుతుంటే నొప్పి పెట్టవు.